ఏరేటర్ల లైన్లో వైరు జాయింట్లకి ఏ కనెక్టర్లు వాడుతున్నారు? మెలేసి టేపు చుట్టింది ఉప్పుగాలికి నిలవట్లేదండి

ఉండి_చెరువులు:
అందరికీ నమస్కారమండి. మాది ఉండి అనే ఊరి దగ్గర, రొయ్యల చెరువులు. గట్టు పొడుగునా ఏరేటర్లకి, అంటే చెరువు నీళ్ళల్లో గాలి కలిపే మోటారు యంత్రాలకి, కేబుల్ లాగాం, మెయిన్ కేబుల్ నుంచి ఒక్కో ఏరేటరుకి కొమ్మ తీసిన ప్రతి చోటా జాయింటే, ఏరేటరు దగ్గర మళ్ళీ ఇంకో జాయింటు. ఇక్కడ అందరిదీ ఒకటే పద్ధతి, వైరు ఒలిచి మెలేసి నల్ల టేపు చుట్టి, పైన పాలిథిన్ కవరు వేసి తాడుతో కట్టేయడం. వానలు వెళ్ళేసరికి టేపు జిగురు కారిపోతోంది, విప్పి చూస్తే రాగి పచ్చగా చిలుము పట్టి తీగలు ముట్టుకుంటే విరిగిపోతున్నాయి. కిందటి పంటలో తెల్లారుజామున ఒక ఏరేటరు ఆగిపోయి మూలుగుతా ఉంది, ఒక ఫేజు జాయింటు కాలిపోయింది, మోటారు కూడా పోయింది. ఆక్సిజన్ బాగా పడిపోయే టైం అదేనని చెరువు వేసినోళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

లైనుకి నాలుగు ఏరేటర్లు, అన్నీ 2 హెచ్‌పీ త్రీ ఫేజు. మెయిన్ 4 స్క్వేర్ ఎంఎం రాగి, కొమ్మలు 2.5. షాపులో తెల్ల ప్లాస్టిక్ స్క్రూ కనెక్టర్లు చూపించారు, యూట్యూబులో నారింజ రంగు మీటలున్నవి చూపిస్తున్నారు, ఒకాయన క్రింపింగే (వైరుకి లోహపు గొట్టం తొడిగి టూలుతో నొక్కేయడం) చేయమంటున్నాడు. ఈసారి చెరువు ఎండగట్టినప్పుడు లైను మొత్తం మార్చేద్దామని ఉంది. ఏది వాడమంటారు?

కలిదిండి_ఆక్వా:
మెలేసినా ఏం కాదండి, మెలేసే పద్ధతిలో ఉంటుంది. నల్ల టేపు ఒక్కటే చుడితే ఎవరికైనా పోతుంది. ముందు రబ్బరు టేపు సాగదీసి సగం సగం మీదకి వచ్చేలా చుట్టి, ఆ పైన నల్ల టేపు వేస్తే నీళ్ళు దిగవు. మా గట్టు మీద అలాంటివి ఇప్పటికీ ఉన్నాయి.

పాలకొల్లు_వైండింగ్:
ఉండి గారూ, కాలిన మోటారు విప్పించారా? విప్పిస్తే కాయిల్స్ చూడమనండి. స్టార్ కనెక్షన్ మోటార్లో రెండు ఫేజుల కాయిల్స్ నల్లగా మాడిపోయి మూడోది కొత్తదానిలా మెరుస్తా ఉంటే అది సింగిల్ ఫేజింగ్. డెల్టా అయితే తిరగబడుతుంది, ఒకటి మాడి రెండు బాగుంటాయి. నా షాపుకి వచ్చే ఏరేటరు మోటార్లలో ఈ గుర్తు ఉన్నవి చాలా ఎక్కువ. రైతేమో మోటారు కంపెనీని తిడతాడు, తప్పంతా గట్టు మీద జాయింటుది.

జరిగేదేంటంటే తిరుగుతున్న మోటారుకి ఒక ఫేజు పోయినా వెంటనే ఆగదండి, మిగిలిన రెండు ఫేజుల మీదే తిరుగుతా ఉంటుంది, ఆ రెండింట్లో కరెంటు దాదాపు 1.7 రెట్లకి పెరుగుతుంది, వైండింగ్ ఉడికిపోతుంది. ఒకసారి ఆగిందా, ఇక లేవదు, మూలుగుతుంది, అప్పుడు లాగే కరెంటు ఇంకా ఎక్కువ. స్టార్టర్లో ఓవర్‌లోడ్ రిలే మోటారు ప్లేటు మీదున్న ఆంపియర్లకి సరిగ్గా పెట్టుంటే అదే కొట్టేస్తుంది, కానీ ఊరికే ట్రిప్ అవుతోందని దాన్ని చివరికంటా తిప్పేసినవాళ్ళనే చూస్తున్నాను. నాలుగు మోటార్లకి కలిపి ఒక్కటే స్టార్టర్ ఉంటే ఆ రిలే కూడా పనికిరాదు, ఒక మోటారు మాడుతుంటే మొత్తం కరెంటులో అది తెలీదు. కనెక్టర్ ఏదైనా పెట్టండి, ఏరేటరుకి ఒక రిలే, సింగిల్ ఫేజు ప్రివెంటర్ మాత్రం పెట్టండి.

కాకినాడ_ప్యానెల్:
నేను ప్యానెల్ బోర్డులు కట్టే పనిలో ఉన్నాను. ముందు జాయింటు ఎందుకు కాలుతుందో చెప్తాను, అది తెలిస్తే ఏ కనెక్టరో మీకే తెలుస్తుంది. 2 హెచ్‌పీ త్రీ ఫేజు మోటారు లోడు మీద మూడు, మూడున్నర ఆంపియర్లు తీసుకుంటుంది, నాలుగు కలిపితే మెయిన్ మొదటి జాయింటులో 13 దాకా. జాయింటు బాగా కుదిరితే దాని రెసిస్టెన్సు ఓమ్‌లో వెయ్యో వంతు లెక్కన ఉంటుంది, 13ని 13తో, దాన్ని 0.001తో గుణిస్తే 0.2 వాట్ కూడా రాదు. చిలుము పట్టి అదే 0.1 ఓమ్ అయిందనుకోండి, దాదాపు 17 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లే ఉంటుందండి, అంటే టేపు లోపల ఒక ఐరన్ రాత్రంతా వెలుగుతున్నట్టే. వేడికి చిలుము పెరుగుతుంది, చిలుముకి వేడి పెరుగుతుంది, ఇక ఆగదు. పైగా అక్కడ పడిపోయే వోల్టేజి 1.3 మాత్రమే, మల్టీమీటరు పెట్టి చూసినా అన్నీ బాగున్నట్టే ఉంటుంది. పట్టుకోవాలంటే లేజర్ థర్మామీటరు ఒకటి కొనుక్కుని లోడు మీద ఉన్నప్పుడు పెట్టెలు చూసుకుంటూ వెళ్ళాలి, లేదా క్లాంప్ మీటరుతో మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయో లేదో చూడాలి.

కాబట్టి కనెక్టర్ చేసే పనులు రెండు. లోహాన్ని లోహానికి గట్టిగా నొక్కి పట్టుకోవడం, వేడెక్కి చల్లారి మోటారు అదిరినా ఆ పట్టు సడలకుండా ఉండటం. మూడోది, గాలినీ నీళ్ళనీ బయట ఉంచడం, అది కనెక్టర్ పని కాదు పెట్టె పని. చాలామంది మూడూ ఒక్క టేపుతో చేయించాలనుకుంటారు. మెలేసిన జాయింటులో నొక్కిపట్టే బలం చేతిదే, టేపుది ఏమీ లేదు.

కలిదిండి_ఆక్వా:
మరి మా నాన్నల కాలం నుంచీ మెలేసే కదండీ చేసింది, అప్పుడు మోటార్లు ఇన్ని కాలలేదే.

తణుకు_ఐటీఐ:
నేను ఐటీఐలో వైర్‌మన్ ట్రేడు చెప్పి రిటైర్ అయినవాణ్ణి, కలిదిండి గారి మాటకి నేను చెప్తాను. ఆ రోజుల్లో వైరు 1/18, 3/20, 7/20 అని ఉండేది, అంటే ఒక్క తీగ, మూడు తీగలు, ఏడు తీగలు, అన్నీ లావు తీగలు. పిల్లలకి మ్యారీడ్ జాయింటు, టీ జాయింటు, వెస్ట్రన్ యూనియన్, బ్రిటానియా అని నేర్పించేవాళ్ళం, అందులో దేన్నీ మెలేసి వదిలేయమని చెప్పలేదు, మెలేశాక సోల్డర్ పొయ్యాలి, ఆ తర్వాతే టేపు. మెలిక బలానికి, సోల్డర్ కరెంటుకి. ఇప్పుడు మెలిక మిగిలింది, సోల్డర్ పోయింది. వైరు కూడా మారింది, 1.5కి 22 సన్న తీగలు, 2.5కి 36, 4కి 56, ఒక్కో తీగ 0.3 మిల్లీమీటర్లు. సన్న తీగలో చిలుము తినెయ్యడానికి లోహం ఎంతుందండీ? లావు తీగ పైన పట్టిన చిలుము లోపలికి వెళ్ళడానికి ఏళ్ళు పడుతుంది, దీనికి ఒక వానాకాలం చాలు.

అదీగాక కలిదిండి వైపు అప్పట్లో ఎక్కువ వరి, ఇప్పుడున్నంత ఉప్పు తేమ అప్పుడు లైన్లకి తగల్లేదు.

అమలాపురం_కొత్తిల్లు:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మేం కొత్తిల్లు కడుతున్నాం, అందులో ఫాల్స్ సీలింగ్ లైట్లకీ ఏసీ లైనుకీ ఆ మీటల కనెక్టర్లే పెట్టమని చెప్తే మా ఎలక్ట్రీషియన్ అన్నయ్య "అవి బొమ్మలండీ, లోడు తట్టుకోవు" అంటున్నాడు. నిజమేనా?

కాకినాడ_ప్యానెల్:
అమలాపురం గారూ, బొమ్మలు కావండి. జర్మనీలో వాగో అనే కంపెనీ 1951 నుంచి ఈ స్ప్రింగు కనెక్టర్ల మీదే బతుకుతోంది. వాళ్ళ 221 సిరీస్ మామూలు సైజు అయితే 4 స్క్వేర్ ఎంఎం వైరు దాకా పడుతుంది, 32 ఆంపియర్లు, 450 వోల్టులు రాసి ఉంటుంది. మీట ఎత్తి వైరు పెట్టి మీట దించడమే, సన్న తీగల వైరుకి కూడా బాగా పట్టుకుంటుంది, మన ఇళ్ళల్లో వాడే వైరు అదే కాబట్టి మనకి ఇవే సరి. మీట లేకుండా వైరు నెట్టేసే రకం ఒకటుంది, అది ఒంటి తీగ వైరుకి, మన వైరు దానిలోకి దిగదు, దిగినట్టు కనిపించినా నాలుగు తీగలు లోపల, మిగతావి బయట. అది కొనకండి.

పెట్టేటప్పుడు ఇన్సులేషన్ సరిగ్గా 11 మిల్లీమీటర్లు ఒలవాలి. తక్కువైతే స్ప్రింగు ప్లాస్టిక్ మీద కూర్చుంటుంది, ఎక్కువైతే రాగి బయటకి కనిపిస్తుంది. తీగలు మెలేయకుండా నిటారుగా దువ్వి పెట్టండి, చివరిదాకా వెళ్ళిందో లేదో పక్క నుంచి కనిపిస్తుంది, మీట దించాక ఒక్కో వైరునీ పట్టుకుని లాగి చూడండి. లాగి చూడటం ఏ కనెక్టరుకైనా తప్పదు.

మీ అన్నయ్య భయంలో అర్థం లేకపోలేదు, బజార్లో అచ్చం అలాగే ఉండే నకిలీవి బోలెడు. లోపల స్ప్రింగు పల్చగా ఉంటుంది, రెండుసార్లు మీట ఎత్తి దించేసరికి పట్టు పోతుంది. పేరున్న డీలరు దగ్గర బిల్లు మీద తీసుకోండి, విడిగా కవర్లో పోసి అమ్మేవి వద్దు.

తణుకు_ఐటీఐ:
ఇంట్లో అయితే అసలు మాట నేను చెప్తాను అమ్మాయ్/బాబూ ఎవరైతే వాళ్ళు, ఏసీకీ గీజరుకీ బోర్డు నుంచి పాయింటు దాకా ఒక్క ముక్క వైరు లాగించండి, మధ్యలో జాయింటే వద్దు. 3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లు గంటల తరబడి లాగుతుంది. లైట్లకీ ఫ్యాన్లకీ కూడా లూప్ ఇన్ పద్ధతిలో జాయింట్లన్నీ స్విచ్ బాక్సుల్లోనే ఉండాలి, గోడలో పైపు మధ్యలో జాయింటు పెట్టి ప్లాస్టరింగ్ చేసేస్తే ఆ తర్వాత దాన్ని దేవుడు కూడా వెతకలేడు. ఫాల్స్ సీలింగ్ పైన మీటల కనెక్టర్ పెట్టండి, మంచిదే, కానీ చెయ్యి పట్టే చోట పెట్టండి.

అమలాపురం_కొత్తిల్లు:
బాబునేనండి మాస్టారూ, ధన్యవాదాలు. తెల్ల స్క్రూ స్ట్రిప్పులు కూడా అడిగాడు, వాటి సంగతేంటండి?

తణుకు_ఐటీఐ:
స్ట్రిప్పులో తేడా అంతా లోపలి గొట్టంలోనే ఉంది. మంచిదాన్లో ఇత్తడి, చవకదాన్లో ఇనుముకి పూత. స్క్రూ తీసేసి గొట్టానికి అయస్కాంతం పెట్టండి, అంటుకుంటే షాపులోనే తిరిగి ఇచ్చేయండి. ఇదే పరీక్ష మీటలవాటికి పెట్టకండి, వాటిలో స్ప్రింగు ఉక్కుదే, అంటుకోవచ్చు, కరెంటు వెళ్ళేది వేరే రాగి రేకులోంచి.

సన్న తీగల వైరుని స్క్రూ కింద నేరుగా పెడితే స్క్రూ మొన తీగల్ని కోసేస్తుంది. ఫెరూల్ అని చిన్న గొట్టాలుంటాయి, వైరు చివర తొడిగి క్రింప్ చేసి అప్పుడు పెట్టాలి. దానికి బదులు చివర సోల్డర్ ముంచి పెట్టేవాళ్ళున్నారు, అది ఇంకా చెడ్డది. సోల్డర్ మెత్తని లోహం, స్క్రూ ఒత్తిడికి మెల్లగా పారిపోతుంది, కొన్నాళ్ళకి స్క్రూ వదులు, ఆ పైన కాకినాడ గారు చెప్పిన కథే. గీజరు దగ్గర ప్లాస్టిక్ స్ట్రిప్పు వద్దు, పింగాణీది పెట్టించండి.

ఉండి_చెరువులు:
ఇంట్లో సంగతి అర్థమైందండి. మరి గట్టు మీద ఆ మీటలవి పెట్టొచ్చా? పెట్టె లోపల పెడితే?

కాకినాడ_ప్యానెల్:
ఉండి గారూ, నా సలహా అయితే వద్దు. పెట్టె పొడిగా ఉన్నన్నాళ్ళూ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ గట్టు మీద పెట్టె పొడిగా ఉండదు. పగలు ఎండకి లోపల గాలి వ్యాకోచించి బయటకి పోతుంది, రాత్రి చల్లబడి ఉప్పు తేమని లోపలికి పీల్చుకుంటుంది. ఆ కనెక్టర్ నాలుగు వైపులా తెరిచే ఉంటుంది. జెల్ నింపిన పెట్టెలు వస్తాయి, వాటిలో ముంచి పెడితే సరే, కానీ మీకున్నన్ని జాయింట్లకి క్రింపింగే చవకా, గట్టీ.

మీ లైనుకి నేనైతే ఇలా చేస్తాను. మెయిన్ కేబుల్ని ప్రతి కొమ్మ దగ్గరా పెట్టెలోకి తెచ్చి, బోల్టు రకం టెర్మినల్ బ్లాక్ పెట్టి, వచ్చే 4, పోయే 4, కొమ్మ 2.5 మూడింటికీ తగరం పూసిన రాగి లగ్గులు (వైరు చివర తొడిగేవి, బోల్టుకి బెజ్జం ఉంటుంది) క్రింప్ చేసి, ఒక్కో ఫేజుకి ఒక బోల్టు కింద స్ప్రింగు వాషర్ వేసి బిగిస్తాను. బిగించాక పైన కాంటాక్ట్ గ్రీజు, లేకపోతే వాజ్‌లీన్ అయినా మందంగా రాస్తాను. లగ్గు మెడ దగ్గర లోపల జిగురున్న హీట్ ష్రింక్ (వేడి చేస్తే ముడుచుకుని పట్టేసే గొట్టం) వేస్తాను, ఎందుకంటే తేమ ముందు దూరేది అక్కడే, అక్కణ్ణుంచి ఇన్సులేషన్ కింద తీగల మధ్యలోకి పాకుతుంది. మీరు విప్పినప్పుడు జాయింటుకి జానెడు దూరంలో కూడా రాగి నల్లగా ఉండి ఉంటుంది, చూసుకోండి. కొత్త లగ్గు వేసేముందు మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోయాలి.

క్రింపింగ్ టూలు రాచెట్ ఉన్నది కొనండి. పూర్తిగా నొక్కేదాకా వదలదు, అదే దాని గొప్ప. కటింగ్ ప్లేయరుతో నొక్కిన లగ్గు లగ్గు కాదు. 4కి 4 లగ్గు, 2.5కి 2.5 లగ్గు, పెద్ద లగ్గులో వైరు మడతపెట్టి కూరడం వద్దు.

రాజోలు_బోరు:
సోల్డర్ చెయ్యకుండా క్రింపు ఒక్కటేనా అండి? మా వైపు సబ్‌మెర్సిబుల్ కేబుల్ జాయింట్లు సోల్డర్ చేసి దింపుతాం, నీళ్ళల్లోనే ఉంటాయి, బాగానే ఉంటాయి.

కాకినాడ_ప్యానెల్:
బోర్లో జాయింటు కదలదండి, పైపుకి కట్టేసి ఉంటుంది. ఏరేటరు కదులుతానే ఉంటుంది, తెప్ప ఊగుతుంది, మోటారు అదురుతుంది. సోల్డర్ తీగల మధ్యలోకి పీల్చుకుని ఎక్కడిదాకా వెళ్తుందో అక్కడిదాకా వైరు కడ్డీలా గట్టిపడుతుంది, ఆ గట్టి మెత్త కలిసే గీత దగ్గర అదురుకి తీగలు ఒక్కొక్కటే తెగుతాయి. బోరుకి సోల్డర్ సరే, ఏరేటరుకి క్రింపు. సోల్డర్ చేసేటప్పుడు రోజిన్ ఫ్లక్స్ వాడండి, తగరం పనివాళ్ళ యాసిడ్ వాడితే రాగిని లోపల్నుంచి తినేస్తుంది.

రాజోలు_బోరు:
అది నిజమేనండి. బోరు జాయింటు గురించి నాకు తెలిసింది రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. మూడు కోర్లనీ ఒకే చోట కోయకూడదు, ఒకటి పొట్టి, ఒకటి మధ్యస్థం, ఒకటి పొడుగు, అటు వైపు దానికి తిరగేసి, అప్పుడు మూడు జాయింట్లూ ఒకదాని పక్కన ఒకటి రావు, లావూ పెరగదు, ఒకదాన్లో నీళ్ళు దిగినా పక్కదానికి తగలదు. ఒక్కో కోరుకీ రాగి గొట్టం వేసి క్రింపు, దాని మీద సోల్డర్, ఒక్కోదానికీ విడిగా జిగురు హీట్ ష్రింక్, ఆ పైన మొత్తానికి కలిపి ఒక పెద్ద ష్రింకు. జిగురు రెండు చివర్ల నుంచీ చుట్టూ కారి కనిపించాలి, అప్పుడే మూసుకున్నట్టు. దింపేముందు జాయింటుని బకెట్ నీళ్ళల్లో పెట్టి 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూస్తాం, ఒక మెగా ఓమ్ కంటే తక్కువ చూపిస్తే మళ్ళీ కోసి చెయ్యడమే, కొత్త జాయింటు అయితే అంతకి చాలా ఎక్కువే చూపించాలి. మా సముద్రం వైపు బోర్లల్లో ఉప్పు నీళ్ళు, చిన్న చిల్లు ఉన్నా అంతే సంగతులు.

మొగల్తూరు_పిండిమర:
అందరూ రాగి గురించే చెప్తున్నారు, మాది అల్యూమినియం బాధండి. మాకు పిండిమర ఉంది, లోపల మెయిన్ బోర్డు దాకా అల్యూమినియం కేబుల్ వస్తుంది, అక్కణ్ణుంచి మోటారుకి రాగి. ఆ రెండూ కలిసిన చోట ప్రతి ఏడూ వేడెక్కి వాసన వస్తుంది, మెకానిక్ వచ్చి బిగించి వెళ్తాడు, మళ్ళీ మామూలే. రెండింటినీ కలిపి మెలేసి ఉంటుంది.

తణుకు_ఐటీఐ:
అమ్మా, రాగినీ అల్యూమినియాన్నీ నేరుగా మెలేయడం ఎప్పటికీ నిలవదు, ఎన్నిసార్లు బిగించినా. మూడు కారణాలు. అల్యూమినియం ఒలిచిన మరుక్షణమే పైన ఆక్సైడ్ పొర కడుతుంది, కంటికి కనపడదు, కరెంటు పోనివ్వదు. రెండోది, వేడికి అల్యూమినియం రాగి కంటే ఎక్కువ సాగుతుంది, బిగువు కింద మెత్తగా జారిపోతుంది, చల్లారాక వదులు. మూడోది మీ సముద్రపు గాలి, ఉప్పు తేమలో ఈ రెండు లోహాలూ తగిలితే బ్యాటరీలాగా అయిపోయి అల్యూమినియం కరిగిపోతూ ఉంటుంది, తెల్లపొడి కనపడిందా, అదే.

బైమెటాలిక్ లగ్గులని దొరుకుతాయి, వైరు తొడిగే గొట్టం అల్యూమినియం, బోల్టు పెట్టే అరచెయ్యి రాగి, రెండూ ఫ్యాక్టరీలో అతికించి వస్తాయి, గొట్టంలో గ్రీజు నింపి ఉంటుంది. అది అల్యూమినియం వైపుకి, మామూలు రాగి లగ్గు రాగి వైపుకి, రెండూ ఒక బోల్టు. వైరుని ఇనుప బ్రష్షుతో గీకి వెంటనే గ్రీజులో పెట్టాలి, గీకి టీ తాగొచ్చి పెడితే మళ్ళీ పొర కట్టేస్తుంది. వీలైతే అల్యూమినియం పైన, రాగి కింద ఉండేలా అమర్చమనండి, పైన రాగి ఉంటే తడికి దాని చిలుము నీళ్ళు కారి కిందున్న అల్యూమినియాన్ని తినేస్తాయి. మీటరుకి ముందున్నది మాత్రం మీ మెకానిక్ ముట్టుకోకూడదమ్మా, అది డిస్కం (కరెంటు సంస్థ) వాళ్ళది, వాళ్ళకే చెప్పాలి.

మొగల్తూరు_పిండిమర:
ఇన్నేళ్ళలో ఇలా విడమరిచి ఎవరూ చెప్పలేదు మాస్టారూ. మీటరు తర్వాతదే, మాదే. భీమవరంలో ఆ లగ్గులు దొరుకుతాయా?

పాలకొల్లు_వైండింగ్:
దొరుకుతాయి అక్కా, ప్యానెల్ సామాన్లు అమ్మే షాపులో అడగండి, మామూలు ఇళ్ళ వైరింగ్ షాపులో ఉండవు. కేబుల్ ఎన్ని స్క్వేర్ ఎంఎం, బోల్టు లావెంత, రెండూ చూసుకుని వెళ్ళండి, లగ్గు ఆ రెండు అంకెలతోనే ఇస్తారు.

లంక_ఊరు:
మా గోదావరి లంకల్లో ఇంకో లెక్క ఉందండి, ఎత్తు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి వరద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. 2022 జూలైలో పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది, అప్పుడు మోటార్లు ఎత్తుకొచ్చాం గానీ జాయింట్ పెట్టెలు నీళ్ళల్లోనే ఉండిపోయాయి. పెద్దవాళ్ళు 1986 ఆగస్టు వరద గీత ఎక్కడుందో ఇప్పటికీ చూపిస్తారు, ఇప్పుడు మేం కొత్తగా ఏది పెట్టినా స్టార్టరూ జాయింటూ ఆ గీత పైనే. పెట్టె మీద ఐపీ65 (దుమ్మూ నీళ్ళూ ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని రాసుందని నీళ్ళల్లో మునిగినా ఏం కాదనుకోకండి, 65 అంటే పైన చిమ్మే నీళ్ళకి మాత్రమే, మునగడానికి 67, అది కూడా మీటరు లోతులో అరగంటకి. మా ఊళ్ళో వరద రోజుల తరబడి ఉంటుంది. మునిగిన కనెక్టర్ కడిగి ఆరబెట్టి మళ్ళీ పెట్టడం వద్దు, లోపల ఒండ్రు పోదు, కోసేసి కొత్తది వెయ్యాలి.

కలిదిండి_ఆక్వా:
పెట్టెలు పెట్టమంటున్నారు గానీ పెట్టెల్లోకి చీమలూ బల్లులూ చేరతాయండి, బల్లి అడ్డం పడి రెండు ఫేజులు కలిసిపోవడం మా దగ్గర అయింది. కేబుల్‌ని పందికొక్కులు కొరుకుతాయి. టేపు జాయింటుకి ఆ బాధ లేదు.

కాకినాడ_ప్యానెల్:
కలిదిండి గారూ ఇది సరైన మాట, పెట్టె తెచ్చి పైకప్పులో బెజ్జం పొడిచి వైర్లు దింపితే టేపే నయం. వైర్లు అడుగు నుంచే రావాలి, ప్రతి కేబులుకీ దాని లావుకి సరిపడా గ్లాండు, వాడని బెజ్జానికి మూత. గ్లాండు రబ్బరు కేబుల్‌ని చుట్టూ నొక్కితే చీమ కూడా దూరదు. పెట్టెలోకి వెళ్ళేముందు కేబుల్‌ని కిందకి వేలాడదీసి మళ్ళీ పైకి తిప్పాలి, వాన నీళ్ళు ఆ వంపు దగ్గర కారిపోతాయి. గట్టు మీద కేబుల్ నేల మీద వదలకండి, హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) పైపులో వేస్తే పందికొక్కుకీ ఎండకీ కూడా సరి.

ఇక మొదటి నుంచీ ఒకటి అడగాలనుకుంటున్నా, ఉండి గారూ మీ కేబుల్ మూడు కోర్లా, నాలుగా?

ఉండి_చెరువులు:
మూడేనండి. ఇక్కడ అందరిదీ మూడే.

కాకినాడ_ప్యానెల్:
అయితే లైను ఎలాగూ మారుస్తున్నారు కాబట్టి చేతులు జోడించి అడుగుతున్నా, నాలుగు కోర్లది వెయ్యండి. నాలుగోది ఎర్త్. మోటారు బాడీకి ఎర్త్ లేకపోతే లోపల ఇన్సులేషన్ పోయిన రోజు ఆ ఏరేటరు మొత్తానికీ కరెంటు వస్తుంది, మేత వేసే కుర్రాడు నడుంలోతు నీళ్ళల్లో దాన్ని పట్టుకుంటాడు. మన గట్ల మీద పోయినవాళ్ళు అలాగే పోయారు. ఆ ఎర్త్ జాయింటుకి కూడా ఫేజుకి వేసిన లగ్గే వెయ్యండి, మెలేసి వదిలేయొద్దు, అది వదులైతే ఎవరికీ తెలీదు, మోటారు మామూలుగానే తిరుగుతుంది.

దాంతోపాటు ప్రతి ఏరేటరుకీ నాలుగు పోల్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను కొట్టేసే స్విచ్), 30 మిల్లీ ఆంపియర్లది. మెయిన్ దగ్గర 300ది పెడితే అది నిప్పు కోసం, మనిషిని కాపాడేది 30దే. మెయిన్లో ఒక్క 30ది పెడితే నాలుగు మోటార్ల తడి లీకేజీ కలిసి ఊరికే పడిపోతుంది, విసుగొచ్చి తీసేస్తారు, అందుకే ఒక్కోదానికి ఒకటి. మీ ఓవర్‌లోడ్ రిలే పెట్టే పెట్టెలోనే ఇదీ పడుతుంది.

పాలకొల్లు_వైండింగ్:
దీనికి నా ఓటు కూడా. మోటారు కాలితే నేను చుట్టి ఇస్తాను.

ఉండి_చెరువులు:
ఖర్చు గురించి మా తమ్ముడితో మాట్లాడానండి. నాలుగు కోర్ల కేబుల్, పెట్టెలు, లగ్గులు, టూలు, ఏరేటరుకొక రిలే, ఆర్‌సీసీబీ, అన్నీ కలిపి వేసుకుంటే ఒక పంటలో మేత ఖర్చు ముందు పెద్ద లెక్కేం కాదు. ముందు ఒక చెరువు లైను చేసి, తర్వాత మిగతావి. మా కుర్రాడికి ఈ మాటలన్నీ చదివి వినిపించాను, వాడికి హీట్ ష్రింక్ అగ్గిపెట్టెతో కాల్చొచ్చా అని అనుమానం.

రాజోలు_బోరు:
అగ్గిపుల్ల, లైటరు వద్దండి, ఒక పక్క మాడుతుంది, ఇంకో పక్క జిగురు కరగదు. హీట్ గన్ను ఒకటి తీసుకోండి. గట్టు మీద కరెంటు ఆపేసే పని చేస్తారు కాబట్టి గన్నుకి కరెంటు ఉండదు, చిన్న గ్యాస్ టార్చి అయితే మంట కొస దూరంగా పెట్టి చుట్టూ తిప్పుతూ, మధ్యలో మొదలుపెట్టి చివర్లకి వెళ్ళాలి, గాలి లోపల ఉండిపోకుండా. మెయిన్ ఆపి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకుని అప్పుడే ముట్టుకోమనండి.

అమలాపురం_కొత్తిల్లు:
చివరిగా ఒకటండి, డాబా మీద సోలార్ పెట్టించాం, పలకల నుంచి వచ్చే వైర్లకి నల్ల కనెక్టర్లు, ఎంసీ4 అంటున్నారు. ఒకటి పగిలితే వేరే కంపెనీది తెచ్చి జత చేశారు, టక్‌మని పట్టుకుంది. ఫరవాలేదా?

కాకినాడ_ప్యానెల్:
పట్టుకున్నా వద్దండి. చూడ్డానికి ఒకలాగే ఉంటాయి గానీ లోపల పిన్ను కొలతా స్ప్రింగు ఒత్తిడీ కంపెనీకొక రకం, డాబా ఎండలో కొన్నాళ్ళకి ఆ జత వేడెక్కుతుంది. రెండు వైపులా ఒకే కంపెనీ, ఒకే మోడలు ఉండాలి, రెండూ కోసి కొత్త జత వేయించండి. వేసేవాళ్ళ దగ్గర ఎంసీ4 క్రింపింగ్ టూలు ఉందో లేదో ముందే అడగండి. ముఖ్యంగా ఎండలో ఇన్వర్టర్ నడుస్తుండగా ఆ కనెక్టర్ ఊడదీయొద్దు, డీసీ కరెంటు ఆర్క్ మామూలు కరెంటులా ఆరిపోదు, చేతుల్లోనే మండుతుంది. ముందు ఇన్వర్టర్ ఆపి, డీసీ స్విచ్ ఆపి, క్లాంప్ మీటరుతో వైర్లో కరెంటు లేదని చూసుకుని అప్పుడు తీయాలి.